స్వామి పైన ఏముండాలి

మా ఇంటి స్థలం పదిహేను అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. కబ్బన్‌పేటలో మా సందుకు ఇది పెద్ద స్థలం కిందే లెక్క. ఎడమ పక్క ఇంటివాళ్లకూ మాకూ ఒకటే గోడ. కుడి పక్క రెండు గోడల మధ్య బల్లి పట్టేంత ఖాళీ ఉంది, దాన్ని బల్లులు వాడుకుంటున్నాయి. వెనక మరొకరి ఇల్లు. కాబట్టి మా ఇంట్లోకి గాలి గానీ వెలుతురు గానీ రావాలంటే దక్షిణాన ఉన్న వీధి వాకిలి నుంచి రావాలి, లేదా పైనుంచి రావాలి. మా తాత మగ్గం నేసిన రోజుల్లో కట్టిన ఇల్లు అది. కిందటేడు వానాకాలంలో వంటింటి పైకప్పు నుంచి తట్టెడు సున్నం ఊడి బియ్యం డబ్బా మీద పడింది. బియ్యం దక్కింది, మూత దక్కలేదు. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవాలని ఆ రోజే నిశ్చయించాం.

ఇంట్లో మేం నలుగురం. మా అమ్మ నాగమ్మకు ఎనభై ఒకటో ఏడు. నా భార్య ప్రేమకుమారి. మా అమ్మాయి సౌమ్యకు ఇరవై ఎనిమిదేళ్లు, బెళ్ళందూరులో ఒక కంపెనీలో పని చేస్తుంది. నా పేరు మునిరాజు, చిక్కపేటలో లైనింగు గుడ్డల అంగడి నడుపుతాను. ఐదోవాడు మా స్వామి. కదిరి నరసింహస్వామి, జానెడు పంచలోహ విగ్రహం. మా ముత్తాత కదిరి నుంచి నడిచి వస్తూ నడుముకు కట్టుకుని తెచ్చుకున్నాడని చెబుతారు. అమ్మ ఆయనకు రోజూ పొద్దున గంటన్నర సేవ చేస్తుంది. మా నలుగురికీ కలిపి అంత సేపు ఎవరూ చెయ్యరు.

సౌమ్య పదో తరగతి పాసైనప్పుడు నేనొక మాట ఇచ్చాను. తలుపు ఉన్న గది ఒకటి నీకు ఏర్పాటు చేస్తానన్నాను. పదమూడేళ్లుగా ఆ పిల్ల హాల్లోనే పడుకుంటోంది. సోమవారం, శుక్రవారం ఇంటి నుంచే కంపెనీ పని చేస్తుంది. గోడకు ఆనుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే, వెనక నుంచి అమ్మ హారతి పళ్లెంతో అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఒకసారి వాళ్ల పై అధికారి మాట మధ్యలో ఆపి, మీ ఇంట్లో మంటలు లేచాయా అని అడిగాడట. లేదని చెప్పిందట. మళ్లీ శుక్రవారం మళ్లీ అడిగాడట.

కొత్త ఇంటి మాట రాగానే సౌమ్య నన్ను పక్కకు పిలిచింది.

"నాయనా, ఈసారి కూడా గది లేకుంటే నేను ఆఫీసు పక్కన పీజీ హాస్టల్లో చేరిపోతాను. కోపం కాదు. ముందే చెప్తుండా, అంతే."

కోపం లేకుండా చెప్పింది కాబట్టి నాకు భయం వేసింది.

ఇంటికి నక్షా గీయడానికి హరిణి అనే అమ్మాయిని సౌమ్యే పిలుచుకొచ్చింది. నంద్యాల పిల్ల, సౌమ్యతో చదువుకుంది. ఇరుకు స్థలాల్లో చిన్న ఇళ్లు కట్టించడం ఆమె పని. కాల్చని మట్టి ఇటుకలు వాడుతుంది, పాత ఇంటి దూలాలను పారెయ్యనివ్వదు, మిద్దె మీద పడిన వానను సంపులోకి పట్టిస్తుంది, ఫ్యాను వేసుకోవాల్సిన అవసరమే తగ్గించాలంటుంది. మొదటిరోజు వచ్చి అమ్మ దగ్గర ఒక అగరబత్తి అడిగి తీసుకుంది. వెలిగించి, ఏ దేవుడికీ చూపకుండా, హాలు మధ్యలో నిలబడి పొగ వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత వంటింట్లో నిలబడింది. తర్వాత స్నానాల గదిలో కూడా నిలబడింది. గాలి ఎటు పోతోందో చూస్తున్నానని నాతో చెప్పింది. అమ్మ మాత్రం ఆ పిల్లకు భక్తి ఎక్కువని అనుకుంది. ఆ అభిప్రాయం ఇప్పటికీ మార్చుకోలేదు.

"గాలి లోపలికి వస్తోంది అంకుల్," అంది హరిణి. "బయటికి వెళ్లడానికే దారి లేదు. ఎగ్జిట్ లేదు."

ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట కొత్తగా అనిపించలేదు.

మొదటి నక్షాలో కింద అమ్మ మంచం, వంటిల్లు, స్నానాల గది, వెనక ఈశాన్యం మూల స్వామి. పైన ముందువైపు మా గది, వెనకవైపు సౌమ్య గది. అందరికీ నచ్చింది. అమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది. స్వామికి నేరుగా పైన ఏముందమ్మా అంది. హరిణి కాగితం మీద కాగితం పెట్టి చూసి, సౌమ్య మంచం అని చెప్పింది. ఈ ఇంట్లో ఎవరి కాళ్లూ స్వామి నెత్తి మీద ఉండకూడదని అమ్మ చెప్పింది. అందులో వాదించడానికి ఏమీ లేదు. మా పెద్దలు కూడా అంతే అనేవారు, అప్పుడు మిద్దె లేదు కాబట్టి ఎవరికీ కష్టం కలగలేదు.

రెండో నక్షాలో గదులు అటూ ఇటూ మార్చింది. గొట్టాలన్నీ ఒకే వరసలో రావాలి కాబట్టి స్వామి పైన బాత్రూం వచ్చింది. ఆ కాగితాన్ని అమ్మకు చూపకుండానే నేను మడిచి వెనక్కి ఇచ్చాను. మూడో నక్షాలో స్వామిని మిద్దె మీదికి పంపింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు, శాస్త్రానికి పూర్తిగా సరిపోయింది. మధ్యలో ముప్ఫై నాలుగు మెట్లున్నాయి. అమ్మ మోకాళ్లు పట్టుకుని ఆలోచించి, నేను ఎక్కలేను, ఆయన దిగలేడు, మేమిద్దరం ఎప్పుడు కలుసుకునేది అని అడిగింది.

నాలుగో నక్షాలో వెనకవైపు పైగదే తీసేసింది. స్వామి పైన ఆకాశం వచ్చింది. సౌమ్య గది పోయింది. సౌమ్య దాన్ని జాగ్రత్తగా చూసి, మడిచి, హరిణికి ఇచ్చింది. ఆ సాయంత్రం పీజీల ఫోటోలు మాకందరికీ చూపించింది. ఒకదాని తలుపుకు రెండు గొళ్లేలున్నాయి.

ఆ రోజుల్లో నాకు ఇదే ధ్యాసగా ఉండేది. ఈ ఊళ్లో ఇంతమంది ఒకరి మీద ఒకరు కాపురముంటున్నారు కదా, వాళ్లంతా ఏం చేస్తున్నారని అనుమానం వచ్చింది. సర్జాపుర రోడ్డులో పద్నాలుగు అంతస్తుల అపార్టుమెంటులో ఉండే ఆయన ఒకరు అంగడికి వచ్చారు. మీ దేవుడి పైన ఏముంటుందండీ అని మర్యాదగానే అడిగాను. ఆయన కాసేపు పైకి చూశారు. పై ఇంటివాళ్ల నక్షా కూడా మాదే, కానీ వాళ్లు లోపల ఏవో మార్పులు చేయించుకున్నారు అన్నారు. ముఖం కొంచెం మారింది. గుడ్డ తీసుకోకుండానే వెళ్లిపోయారు. హరిణిని అడిగితే ఆమె దాచలేదు. తాము తొమ్మిదో అంతస్తులో ఉంటామని, తమ దేవుడి పైన పదో అంతస్తువాళ్ల వాషింగ్ మెషిన్ ఉందని, అది గిరగిరా తిరిగేటప్పుడు తమ దీపం వణుకుతుందని చెప్పింది. మరి దేవుడు ఏమీ అనలేదా అన్నాను. నాకు మొన్నే ప్రమోషన్ వచ్చింది అంకుల్ అంది.

ఐదో నక్షాతో ఆమె వచ్చినప్పుడు ముఖం తేటగా ఉంది. స్వామి ఉండే చోట మూడడుగుల చదరం. దాని పైన నేల లేదు, పైకప్పు లేదు. మూడడుగుల చదరపు ఖాళీ కింది నుంచి నేరుగా మిద్దె దాకా పోతుంది. దాన్ని డక్ట్ అంటారట. పైన అడుగు ఎత్తులో గాజు పలక వస్తుంది, దాని పక్కల నుంచి వేడిగాలి బయటికి పోతుంది, గాజు నుంచి వెలుతురు కిందికి దిగుతుంది. మేం ఇన్నాళ్లూ స్వామి గురించి మాట్లాడుకుంటుంటే ఆమె గాలికి దారి వెతుకుతోంది. రెండూ ఒకే చోట దొరికాయని చెప్పింది. సౌమ్య గదికి ఒక మూల పోతుంది. తొంభై చదరపు అడుగుల్లో తొమ్మిది. ఆ మూల గోడకు చిన్న కిటికీ పెడితే సౌమ్యకూ గాలి వస్తుంది.

సౌమ్య ఒప్పుకుంది. అమ్మ కాగితం మీద వేలు పెట్టి, కింది నుంచి పైదాకా జరిపి, మధ్యలో ఏమీ అడ్డు రాకపోవడం చూసి తలూపింది. మా పురోహితుడు భుజంగరావు గారు ముహూర్తం పెట్టారు, నేల తవ్వే ముందు చేసే గుద్దలి పూజ జరిగింది, మేం రెండు సందుల అవతల అద్దె ఇంటికి మారాం. అక్కడ ఎత్తుగా, శుభ్రంగా ఉన్న చోటు ఫ్రిజ్ పైభాగం ఒకటే. స్వామిని అక్కడ పెట్టాం. పాలకోసం తలుపు తీసినప్పుడల్లా ఆయన కొంచెం కదిలేవాడు.

మేస్త్రీ పేరు బసవరాజు. రాయచూరు వైపు మనిషి, కన్నడమూ తెలుగూ రెండూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. పని నిక్కచ్చిగా చేస్తాడు. నుదుట విభూతి పెట్టుకోకుండా తాపీ పట్టడు. మా పనిని తన ఇంటి పనిలా చూసుకున్నాడు. కష్టమంతా అక్కడే వచ్చింది.

పై అంతస్తుకు నేల వేసే రోజు, అంటే మా ఊరి మాటలో మోల్డు వేసే రోజు, పండగలాంటిది. పనివాళ్లందరికీ ఇంటివాళ్లు భోజనం పెట్టాలి. నేను, ప్రేమకుమారి తెల్లవారినప్పటి నుంచి చిత్రాన్నం, పాయసం పనిలో ఉన్నాం. హరిణి ఎనిమిదింటికి బెళ్ళందూరులో బయలుదేరింది. కాంక్రీటు ఎనిమిదింటికి మొదలై పన్నెండుకు అయిపోయింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని హరిణి ఒంటిగంటకు చేరింది. నేరుగా నిచ్చెన ఎక్కింది. తర్వాత టేపు లాగిన చప్పుడు మూడుసార్లు వినిపించింది.

"అంకుల్," అని పైనుంచి పిలిచింది. "డక్ట్ ఎక్కడుంది?"

నేను కూడా ఎక్కి చూశాను. పచ్చి కాంక్రీటు ఈ గోడ నుంచి ఆ గోడదాకా చదునుగా, ఎక్కడా ఖాళీ లేకుండా పరుచుకుని ఉంది. చూడడానికి చాలా బాగుంది.

బసవరాజు చేతులు కడుక్కుని వచ్చాడు. తప్పు చేసినవాడిలా లేడు. నక్షాలో ఆ చదరం మీద ఆకాశానికి తెరిచి ఉంచాలని ఇంగ్లీషులో రాసి ఉందని, తాను చదివానని, రెండు రోజులు ఆలోచించానని చెప్పాడు.

"తెరిచి పెడితే వాన నేరుగా స్వామి నెత్తిన పడతాది సార్. గంగను నెత్తిన పెట్టుకునేది మా శివుడు. మీ స్వామికి గంగ పాదాల కాడ ఉండాల. అది మార్చేదానికి మనమెవరు? అందులో ఈయన నరసింహుడు. నెత్తిన నీళ్లు పోస్తే ఊరికే ఉంటాడా? మేడమ్‌ది చిన్న వయసు, తెలీక రాసింటాది. అందుకే నిన్న సాయంత్రం నేనే అడ్డపలకలు కొట్టి, కడ్డీలు కట్టి మూసేసినా. దానికి కూలి కూడా రాసుకోలేదు."

ఆయన చెప్పినదాంట్లో తప్పు నాకు వెంటనే దొరకలేదు. హరిణి ఇటుకల దొంతి మీద కూర్చుంది. గాజు పలక సంగతి వేరే కాగితంలో ఉందని, అది పైపని మొదలైనప్పుడు ఇద్దామని తన సంచిలోనే పెట్టుకున్నానని చెప్పింది. ఆ కాగితం సంచిలో ఉండగా ఒక శైవుడు మా వైష్ణవ మర్యాదను కాపాడాడు.

కొయ్యవచ్చునా అని అడిగాను. వచ్చునంది. ఆ చోటు చుట్టూ గట్టి కడ్డీలు ముందే వేయించిందట. ఇరవై ఒక్క రోజులు ఆగి కింద నిలబెట్టిన కర్రల ఆధారాలు తీశాక కొయ్యవచ్చు. "కానీ డిసిషన్ మీది అంకుల్. ఇలాగే వదిలేస్తే సౌమ్య రూం పెద్దదవుతుంది. కింద మాత్రం పగలు కూడా లైటు, ఫ్యాను. నేను గీసిన ఇల్లు అది కాదు."

అమ్మకు చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ అనలేదు, ఎవరూ చెప్పలేదు అంతే.

వారం తర్వాత సౌమ్య పైకి ఎక్కి చూసింది. డక్ట్ యాడ పోయింది నాయనా అని అడిగింది. ఆలోచిస్తుండాము అన్నాను. మరుసటి ఆదివారం సౌమ్య సుద్దముక్క, టేపు తెచ్చుకుని నేల మీద మంచం గీసింది, బల్ల గీసింది, పుస్తకాల అలమర గీసింది. అన్నీ పట్టాయి. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూడడానికి వాకిలి వచ్చే చోట పావు చక్రం గీసింది. అది కూడా పట్టింది. ఆ గీతల మధ్యలో, బల్ల దగ్గర కుర్చీ ఉండాల్సిన చోట, కాళ్లు చాపుకుని కాసేపు కూర్చుంది. నేను మెట్ల దగ్గర నుంచి చూసి దిగిపోయాను. ఆ పిల్ల అలా ఒంటరిగా నవ్వుకోవడం నేను అదివరకు చూసి ఉండను. చూసే వీలు ఎక్కడుంది, ఎప్పుడూ నలుగురం ఉంటాం కదా.

ప్రేమకుమారి మాట ఆచరణకు దగ్గరగా ఉంటుంది. అత్తమ్మ పైకి ఎక్కలేదు, స్వామి పైన ఒక తెల్ల బల్బు పెట్టి గాజు బిగిస్తే ఆకాశంలాగే ఉంటాది అంది. మరి స్వామికి తెలియదా అన్నాను. ఆయనకు తెలిస్తే ఇప్పటికే తెలిసుంటాది, ఏమన్నా అన్నాడా అంది. నేను ఫ్రిజ్ వైపు చూశాను. ఏమీ అనలేదు.

భుజంగరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నాలుగంతస్తుల మేడలో రెండో అంతస్తులో ఉంటారు. జరిగింది చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"మునిరాజప్పా, స్వామి స్తంభంలో ఉన్నాడా లేదా?"

"ఉన్నాడు స్వామీ."

"స్తంభం పైన పైకప్పు ఉండిందా లేదా?"

"ఉండింది."

"ఆ పైకప్పు మీద హిరణ్యకశిపుని మనుషులు నడిచినారా లేదా? ఓర్చుకున్నాడు కదప్పా."

నాకు చాలా తేలికపడింది. వచ్చేటప్పుడు మర్యాదకోసం, మీ దేవుడి గది పైన ఏముంది స్వామీ అని అడిగాను. ఆయన గుమ్మందాకా వచ్చి, గొంతు తగ్గించి, అది నేను ఎప్పుడూ అడగలేదప్పా, అడిగితే పరిహారం చేసుకోవాల్సి వస్తాది అన్నారు. సగం దారిలో నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. స్వామి ఓర్చుకున్నమాట నిజమే, చివరికి పగలగొట్టుకునే బయటికి వచ్చాడు.

ఇరవై రెండో రోజు ఆధారాలు విప్పారు. ఇల్లు చూస్తానని అమ్మ పట్టుబట్టింది. ఆటోలో తీసుకొచ్చాం. సౌమ్యకు ఆ రోజు సెలవు, మాతో పాటే వచ్చింది. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి మట్టి ఇటుకల గోడ మీద వేసి, గోడను తడుముతూ వెనకదాకా నడిచింది. స్వామి వచ్చే చోట ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. చుట్టూ చూసింది.

"మునీ," అంది. "పొద్దు గూకినట్లుండాదే. దీపాలు పెట్టే యాళ అయినట్లుండాది, ఇంటికి పోదాం పా."

నేను గడియారం చూసుకున్నాను.

"పదకొండమ్మా."

"రేత్రి?"

"పొద్దున."

అమ్మ వీధి వాకిలి వైపు చూసింది. అక్కడ ఎండ పచ్చగా, స్కూటరంత వెడల్పున ఉంది, మా దాకా రాలేదు. తర్వాత తల పైకెత్తింది. ఆమెకు చూపు మందగించింది కానీ మూసి ఉన్నదీ తెరిచి ఉన్నదీ తెలుస్తుంది.

నేను చెప్పేశాను. బసవరాజు మూశాడని, ఎందుకు మూశాడో, మూడు వారాలుగా మేం ఎందుకు చెప్పలేదో అంతా చెప్పాను. ప్రేమకుమారి బల్బు సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మ గంగ మాట దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకుంది. వాడు అన్నది న్యాయంగానే ఉండాది అంది. గోడకు ఆనుకుని నిలబడిన సౌమ్యను దగ్గరికి పిలిచింది.

"పైన గది బాగుండాదా?"

"బాగుండాదవ్వా."

"అన్నీ పట్టినాయా?"

సౌమ్య పట్టినాయి అంది.

"అయితే ఉండనీ. నేను పగలు కూడా దీపం పెట్టుకుంటా. నువ్వు ఆడ నడిస్తే స్వామి ఏమనుకుంటాడో నాకు తెలీదే. నువ్వు ఇల్లు ఇడిసిపోతే నేనేమనుకుంటానో నాకు తెలుసు."

సౌమ్య మెట్లెక్కి పైకి వెళ్లింది. మేం ముగ్గురం ఆ చీకట్లో కూర్చున్నాం. గాలి కదలడం లేదు. ప్రేమకుమారి తన కొంగుతో అమ్మకు విసరడం మొదలుపెట్టింది. నాలుగు నెలల పాటు స్వామి పైన ఏముండాలి అని ఇంటిల్లిపాదీ మాట్లాడుకున్నాం. స్వామి ముందు రోజంతా కూర్చునే మనిషి పైన ఏముంటుందని మాలో ఎవరూ అడగలేదు. హరిణి అడిగింది. ఆమె దాన్ని గాలి అని, వెలుతురు అని చెప్పింది కాబట్టి అది వేరే విషయం అనుకున్నాం.

పైన నేల మీద సుద్ద గీకుతున్న చప్పుడు వినబడింది. ఆగింది. మళ్లీ మొదలైంది. సౌమ్య దిగి వచ్చేటప్పటికి చేతులూ మోకాళ్లూ తెల్లగా ఉన్నాయి.

"నాయనా, బసవరాజన్నను కొయ్యమని చెప్పు."

"మరి నీ గది?"

"గది యాడికీ పోదు. మంచం అడ్డం తిప్పినా. అలమర గోడ పైకి పోతాది. బల్ల మడిచి గోడకు పెట్టేది చేయించుకుంటా. తలుపు తెరిస్తే మంచానికి తగులుతాది, జరిపే తలుపు పెట్టమని హరిణికి ఇప్పుడే ఫోన్ చేసినా." ఊపిరి తీసుకుంది. "తలుపు మాత్రం ఉండాల నాయనా. అది లేకుంటే ఇప్పుడు కూడా పీజీనే."

"ఉంటాది," అన్నాను.

"అవ్వకు పదకొండు గంటలకే పొద్దు గూకే ఇంట్లో, పైన నేను తలుపేసుకోని ఏం చేసేది?"

అది మాలో ఎవరిని అడిగిందో తెలియలేదు.

బసవరాజును ఒప్పించడానికి నేను భయపడినంత కష్టపడనక్కర్లేకపోయింది. హరిణి గాజు పలక కాగితం చూపించింది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి రెండువైపులా చూశాడు. చినుకు లోపల పడదా అని మూడుసార్లు అడిగాడు. గాలికి కొట్టుకొచ్చే జల్లు మాటేమిటని అడిగాడు. గాజు నాలుగువైపులా జానెడు బయటికి వస్తుందని, మిద్దె మీద పడిన వాన గొట్టంలోంచి నేరుగా సంపులోకి పోతుందని ఆమె చెప్పింది. సంపు యాడ వస్తాది అన్నాడు. స్వామి పీట కింద, నేలలో అంది. బసవరాజు కాగితం మడిచాడు.

"అంటే గంగ పాదాల కాడికే వస్తాది."

"వస్తుంది," అంది హరిణి. ఆమెకు అది ఈశాన్యంలో సంపు మాత్రమే.

"ఇది ముందే చెప్పింటే నేను మూసేవాణ్ణే కాదు మేడమ్. మీ నక్షాలో అంతా ఉండాది, దేవుని సంగతి మాత్రం రాయరు."

హరిణి పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఇప్పుడు ఆమె ప్రతి ఇంటి నక్షా మొదటి కాగితంలోనే, దేవుడు ఎవరు, ఎక్కడ, పైన ఏమిటి అని మూడు గళ్లు పెడుతోందని సౌమ్య చెప్పింది.

కోత యంత్రం ఒకటిన్నర రోజు నడిచింది. బసవరాజు స్వయంగా పట్టాడు. స్వామి చోటుకు పైన నిలబడాలి కాబట్టి చెప్పులు విప్పాడు. కాళ్లు జాగ్రత్తప్పా అంటే వినలేదు. పక్కింటి రాఘవేంద్ర రెండుసార్లు వచ్చి, వేసినదాన్ని మీరే కోస్తున్నారా అని అడిగి, అవునంటే కాసేపు నిలబడి చూసి వెళ్లాడు. మొదటి మూల తెగినప్పుడు రూపాయి బిళ్లంత ఎండ కింద సిమెంటు దుమ్ము మీద పడింది. తర్వాత అది పెద్దదైంది. తెగిన కాంక్రీటు ముక్కలను హరిణి పారెయ్యనివ్వలేదు. మిద్దె మీద బట్టలు ఉతికే చోట పరిపించింది.

శ్రావణంలో గృహప్రవేశం జరిగింది. స్వామి ఫ్రిజ్ మీద నుంచి దిగి తన చోటికి వచ్చాడు. పదకొండు గంటల ప్రాంతంలో ఎండ ఆయన కిరీటం మీద పడి, పన్నెండున్నరకు పాదాల దగ్గరికి దిగి, తర్వాత గోడ ఎక్కి పోతుంది. అమ్మ ఇప్పుడు టైము మమ్మల్ని అడగదు. గాలి కూడా హరిణి చెప్పినట్టే నడుస్తోంది. అగరబత్తి పొగ అటూ ఇటూ చూడకుండా నేరుగా పైకి పోతుంది. పోయే దారిలో సౌమ్య గది కిటికీ ఉంది. కాబట్టి శుక్రవారం సాంబ్రాణి వేసినప్పుడు సౌమ్య బట్టలన్నీ సాంబ్రాణి వాసన వేస్తాయి. బెళ్ళందూరు ఆఫీసులో ఒకాయన ఆమె పక్కన కూర్చుంటే మనసు ప్రశాంతంగా ఉంటుందన్నాడట.

గంట సంగతి మాత్రం ఎవరూ ముందుగా ఆలోచించలేదు. డక్ట్‌లో గంట చప్పుడు రెట్టింపవుతుంది. సౌమ్య తొమ్మిదిన్నరకు కంప్యూటరులో ఆఫీసువాళ్లతో మాట్లాడడం మొదలుపెడుతుంది, అమ్మ అదే సమయానికి హారతి ఇస్తుంది. రెండు రోజులు సహించి, సౌమ్య కిందికి వచ్చి, గంట తొమ్మిదిలోపు అయిపోతే బాగుంటుందంది. అమ్మ, అరవై ఏళ్ల సేవ వేళ మార్చడం కష్టం, మీ కంపెనీవాళ్లే పదింటికి పెట్టుకోవచ్చు కదా అంది. చివరికి అమ్మ ఎనిమిదీ ముప్పావుకు ఒప్పుకుంది. స్వామికి ఏమని చెప్పిందో నాకు తెలియదు, చెప్పడం మాత్రం చూశాను.

గృహప్రవేశం తర్వాత వచ్చిన మొదటి సోమవారం నేను అంగడికి ఆలస్యంగా వెళ్లాను. సౌమ్య కాఫీ లోటాతో మెట్లెక్కింది. జరిపే తలుపు పట్టాల మీద నడిచి, చివరకు పోయి తగిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసం నేను పదమూడేళ్లు ఆగాను, అది అర నిమిషం కూడా లేదు. అమ్మ స్వామి ముందు కూర్చుని పూలు గుచ్చుతోంది. తల ఎత్తకుండా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"సౌమ్యా, తలుపు ఏసుకున్నావా?"

పైనుంచి అంతే దగ్గరగా జవాబు వచ్చింది.

"ఏసుకున్నానవ్వా."

"గట్టిగా ఏసుకో," అంది అమ్మ.